జింకల పార్కులో బోటనీ సారు

దిల్‌సుఖ్‌నగర్‌లో బోటనీ గంగాధరరావు మొహం తెలియనివాళ్ళు తక్కువ. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీల మీద మందార పువ్వు పట్టుకుని నవ్వుతూ కనిపించేవాడు. పన్నెండేళ్ళుగా రోజుకు ఆరు క్లాసులు చెప్తున్న ఆ మనిషి, గది బయట చెట్టు కేసి తలెత్తి చూసింది మాత్రం బహు అరుదు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. క్లాసులు మూతబడ్డాయి. తల్లిదండ్రుల ఫోన్లు ఎక్కువవడంతో యాజమాన్యం ఒక ఉపాయం ఆలోచించింది. పాతికమంది పిల్లల్ని వనస్థలిపురం జింకల పార్కుకు తీసుకెళ్ళి, చెట్ల దగ్గరే పాఠం చెప్పమని గంగాధరరావును పురమాయించింది. బస్సుల్లేవు. ఎల్.బి.నగర్ నుంచి నడకే.

ఆయనకు ఎండ భయం కన్నా నోటి భయం ఎక్కువ. బాపట్ల యాస బయటపడితే ఎవరేమంటారోనని, సమ్మె మొదలైననాటి నుంచీ తెలంగాణ మాట సాధన చేస్తున్నాడు. అది వినలేక భార్య సూర్యప్రభ వంటింటి తలుపు వేసుకునేది.

పార్కులో టికెట్లిచ్చే మనిషి సమ్మెలో ఉన్నాడు. దారులూడ్చే ముత్తమ్మ ఒక్కతే కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వు... సమ్మె... జేస్తలెవ్వా?" అన్నాడు గంగాధరరావు కూడబలుక్కుంటూ.

ముత్తమ్మ ఆయన్ను జాలిగా చూసింది. "కూలోల్లకు సమ్మె యాడిది సారూ? రాండ్రి, నేను తోల్కపోత."

లోపలంతా ఇసుక దారి. ఫర్లాంగు నడిచేసరికి బూట్లు నిండిపోయాయి. ఆయన వాటిని విప్పి చేత పట్టుకుని, పసుప్పచ్చగా విరగబూసిన ఒక పొద దగ్గర ఆగాడు.

"గిది... ఆవ జాతి మొక్క," అన్నాడు గంభీరంగా.

పిల్లలు మొహాలు చూసుకున్నారు. నల్గొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మౌనిక మెల్లగా అంది: "సార్, తంగేడు సార్. బతుకమ్మ పేరుస్తం."

తంగేడు గురించి ఆయన ఏటా గంటసేపు చెప్తాడు, శాస్త్రీయ నామంతో సహా. చూడటం ఇదే మొదలు. ఆ తర్వాత పిల్లలంతా ముత్తమ్మ వెంట పడ్డారు. ఆమె కర్రతో చూపిస్తూ చెట్ల పేర్లు చెప్తుంటే నోట్సులు నిండిపోతున్నాయి. సారు బూట్లు పట్టుకుని అందరికన్నా వెనక నడుస్తున్నాడు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకోవడానికి ముత్తమ్మ ఒక పొద పక్క నీడ చూపించింది. పిల్లలు అటు పరిగెత్తారు. అప్పుడే గంగాధరరావు కళ్ళు కాళ్ళ కిందికి పోయాయి. ఇసుకలో వంపులు వంపులుగా తాజా జాడ. ప్రతి వంపు దగ్గరా ఇసుక పొదకు ఎదురు దిక్కుగా, వెనక్కి నెట్టుకుపోయి ఉంది. అంటే పోయింది పొదలోకే.

"ఆగండెహె! అటెళ్ళకండి! తాచుపాముందక్కడ!" అని గావుకేక పెట్టాడు.

ముత్తమ్మ కర్రతో పొదను తట్టింది. బుస్సుమంటూ పడగ లేచి, అవతలి వైపు జారిపోయింది. "అమ్మో, నాగుబాము!" అంటూ ఆమె నాలుగడుగులు వెనక్కి దూకింది. "గిది ఏ బుక్కుల రాసుంది సారూ?"

"బుక్కులో కాదమ్మా. మాది బాపట్ల, ఇసుక నేల. చిన్నప్పుడు జాడ చూడందే అడుగేసేవాళ్ళం కాదు." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"మీరు ఆంధ్రోల్లా?" ముత్తమ్మ నోరు తెరిచింది. "అయ్యో, పొద్దటి సంది నత్తి ఉందనుకున్న గద సారూ!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. మొదట ఆయన మొహం కందిపోయింది. తర్వాత ఆయనా నవ్వాడు. చాలా రోజులకు నోటికి ఊరట దొరికింది.

సాయంత్రం ఎల్.బి.నగర్‌లో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేస్తున్నారు. భిక్షపతి అనే పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఏ ఊరు సారూ మీది?"

"బాపట్లండి," అన్నాడు గంగాధరరావు, ఇక దాచే ఓపిక లేక.

"గట్లనా? మా అల్లుడు గక్కడనే నౌకరి జేస్తడు. పోరగాండ్లు ఎండకు వాడిపోయిన్రు. కూసోండ్రి, తిని పోండ్రి."

పిల్లలకు వడ్డించే మనుషులు చాలక ఆయనే గరిటె అందుకున్నాడు. ఎవరో ఫోటో తీశారు.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. కింద 'ఉద్యమంలోకి దూకిన తెలంగాణ లెక్చరర్' అని ఉంది. సూర్యప్రభ ఫోను తెచ్చి చేతికిచ్చింది.

"బాపట్ల నుంచి మీ తమ్ముడు. చాలా కోపంగా ఉన్నాడు. ఏ భాషలో మాట్లాడతారో మీ ఇష్టం."