కిటికీ దగ్గర చూడాల్సిన రంగు

కాగితం ముక్కని సీసాలో ముంచి, అంచుకి తాటించి, ఆయా కిటికీ దగ్గరికి నడిచింది. పదడుగుల దూరం. ముప్ఫై ఏళ్లుగా ఎడమకాలు కాస్త ఈడుస్తూ అలాగే నడుస్తోంది. నెత్తిమీద ట్యూబులైటు ఉండగా ఈ షికారేమిటని కొత్తగా వచ్చిన ప్రతి నర్సూ నవ్వేది. నాలుగు రోజులకి తనూ కిటికీ దగ్గరికే వచ్చేది.

మూత్రంలో పులుపెంత ఉందో చెప్పే కాగితం అది. పులుపుంటే పసుపు, తగ్గుతుంటే ఆకుపచ్చ, పూర్తిగా విరిగితే నీలం. పగటి వెలుగులో తప్ప ఏ రంగునీ నమ్మదామె. కూతురి పెళ్లిచీర కొన్ననాడు కొట్టువాణ్ణి చీరతో సహా వీధిలోకి లాక్కొచ్చిన ఘనురాలు. వార్డులో అందరికీ రంగులక్క. అసలు పేరు హాజరుపట్టీలో మాత్రం మిగిలింది. మొగుడు పోయాక ఆమెకంటూ ఉన్న గొప్ప ఒక్కటే, ఇన్నేళ్లలో ఒక్క రంగూ తప్పు చెప్పలేదు.

కాగితం పసుపుగానే ఉంది.

నాలుగో మంచం మీద మనిషి దర్జీ. నిన్న పొద్దుటి నుంచీ పన్నుపోటుకి మాత్రలు మింగాడు. అవి పొర కప్పిన మాత్రలు. కడుపులో కరగవు, పేగుల్లోకి దిగాకే విడతాయి. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. రెండు వేసుకున్నా తగ్గకపోతే మరో రెండు, మళ్లీ రెండు, అలా సీసా ఖాళీ చేశాడు. ఈ పొద్దున చెవుల్లో హోరని భార్యతో నడిచే వచ్చాడు. రక్తపరీక్ష ఫరవాలేదని తెలియగానే చెప్పులు వెతుక్కున్నాడు. బడిపిల్లల బట్టలు రేపటికి ఇవ్వాలట.

కుర్రడాక్టరు ఒప్పుకోలేదు. "రక్తంలో కనిపించింది సగమేనండీ. మిగతాది ఇంకా పేగుల్లో కరుగుతోంది" అన్నాడు. మూత్రం పుల్లగా ఉన్నంతసేపూ బయటికి పోవాల్సిన మందు మళ్లీ రక్తంలోకే తిరిగొస్తుందని, పులుపు విరిస్తేనే పోతుందని చెప్పి, సోడాఉప్పు కలిపిన సెలైను పెట్టించాడు. గంటకోసారి రంగు చూసి చెప్పడం ఆయా వంతు.

ఆమె వంగినప్పుడల్లా కోటుజేబు చిల్లులోంచి కాగితాల డబ్బా జారి టంగుమని పడుతోంది. రెండోసారికి దర్జీ ఇక ఊరుకోలేకపోయాడు. చొక్కా కాలరు వెనక గుచ్చుకున్న సూది తీశాడు. బడిబట్టల నీలం దారం దానికే ఉంది.

"ఇలా ఇవ్వక్కా. చిల్లుజేబు చూస్తుంటే పన్నుపోటే నయం."

సెలైను పెట్టిన చెయ్యి కదలకుండా ఒంటిచేత్తో కుట్టాడు. ఇన్నేళ్లలో తన బట్టని ఇంకొకరు కుట్టడం ఆమె ఎరగదు. ఆయన తలకింద దిండు సర్దింది.

పన్నెండుకి రెండో రక్తపరీక్ష వచ్చింది. రక్తంలో మాత్రల మందు రెట్టింపయింది. పడుకున్న మనిషి పరుగెత్తినట్టు రొప్పుతున్నాడు. ఆ చప్పుడు వార్డు చివరిదాకా వినిపిస్తోంది. ఒంటిగంటకి మాట తడబడింది. దుప్పటి అంచు కొలుస్తూ "నడుం ముప్ఫై రెండు, ముప్ఫై రెండు" అంటున్నాడు. నర్సు మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగింది. ఆయా కాగితం ముంచిందో లేదో, భార్య ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"మారిందా వదినా?"

ఆ చెయ్యి విడిపించుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు. అక్కడే చూసింది. ఆకుపచ్చగా ఉంది.

"మారిందమ్మా" అంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. నర్సు రాసుకుంది. డాక్టరు సెలైను వేగం తగ్గించి పక్క వార్డుకి వెళ్లాడు.

రెండింటికి కిటికీ దగ్గర కాగితం పైకెత్తింది. పచ్చి పసుపు. వెనక్కి తిరిగి తెర చూసింది. వెలుగు పడి తెర లోపలంతా, దుప్పటితో సహా, ఆకుపచ్చగా ఉంది. మారిన రంగు మళ్లీ తిరగబడిందంటే అడిగేవాడు లేడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఈడ్చుకుంటూ పక్క వార్డుకి పరుగెత్తింది.

"తప్పు నాది సార్. ఒంటిగంటకి కిటికీ దగ్గరికి రాలేదు. తెరలోనే చూశాను."

డాక్టరు వెంటనే వచ్చి సెలైను పెంచాడు. రక్తంలో పొటాషియం తగ్గితే మూత్రం పులుపు వదలదని అదీ ఎక్కించాడు. రక్తం శుభ్రంచేసే యంత్రమున్న పెద్దాసుపత్రికి పంపడానికి బండికి కబురుపెట్టాడు. మూడింటికి పసుపు. నాలుగింటికీ పసుపే. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుందామె. ఐదింటికి అంచుల్లో ఆకుపచ్చ తోచింది. అరగంట ఆగి, ఉండబట్టలేక మళ్లీ ముంచింది.

ఎండ వాలుతోంది. కాగితాన్ని ఆ వెలుగుకి పెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. నీలం. అనుమానం లేని నీలం. కేకేద్దామని తిరిగి ఆగిపోయింది. వార్డు నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం నుంచీ వినిపిస్తున్న ఆ రొప్పు లేదు.

తెర లోపల డాక్టరు చెవుల్లోంచి స్టెతస్కోపు తీస్తున్నాడు. ఆ ఒక్క గంట వల్లే అయుండదులే అక్కా అన్నాడు మెల్లగా. అయుండకపోవచ్చు. ఆ సంగతి ఆమెకి ఎప్పటికీ తెలియదు.

భార్య భర్త పాదాలు వదలకుండానే తలెత్తింది. "మారిందా వదినా?"

"మారిందమ్మా. ఈసారి కిటికీ దగ్గరే చూశాను."

చీకటి పడకముందే బండి వచ్చింది, కానీ దర్జీని ఇంటికే తీసుకెళ్లింది. ఆయా మంచం దగ్గరికొచ్చి దుప్పటి తీసింది. దిండు గలీబు లాగబోతే వేలికి చురుక్కుమంది. మూలన గుచ్చి ఉంది సూది, ఇంకో జేబుకి సరిపడా నీలం దారంతో.