దుప్పటి వెనక రెండు ప్లేయర్లు

నాకు నోటి దురద ఎక్కువ. ఎవడైనా తప్పు మాట్లాడితే, వాడి చేత ఒప్పించేదాకా నాకు అన్నం సహించదు. ఆ దురదే సుబ్బులక్క గొంతు మీదికి తెచ్చింది.

తిరుపతిలో నాకు పాత రేడియోలు, రికార్డు ప్లేయర్లు బాగుచేసే అంగడి ఉంది. ఆదివారం పూట రికార్డుల పిచ్చివాళ్లు నలుగురు అక్కడ చేరతారు. అందులో ప్రతాప్ అని బ్యాంకు ఉద్యోగి ఒకడు. పోయిన కార్తీకంలో కొత్త ప్లేయరు కొని, అందరి ముందూ మొదలుపెట్టాడు.

"ఒక్కో ప్లేయరుది ఒక్కో గొంతన్నా. చెవులుండే వాళ్లకు తెలిసిపోతాది."

"నీ తలకాయ! పళ్లెం తిరగల్ల, ముల్లు బాగుండల్ల. అంతే. మిగిలిందంతా నువ్వు పెట్టిన డబ్బు పాడతాండేది," అన్నాను.

మాటామాటా పెరిగింది. అంగడి మధ్యలో దుప్పటి కట్టాను. దాని వెనక ఒక పక్క ప్రతాప్ ప్లేయరు, ఇంకో పక్క రిపేరుకి వస్తే నేను బాగుచేసి పెట్టిన ఒక పాత చెక్కపెట్టె ప్లేయరు. రెండింటికీ ఒకే రకం ముల్లు, ఒకే రికార్డు. ఏది మోగుతోందో చెప్పాలి.

ఆ చెక్కపెట్టె సుబ్బులక్కది. ఆమె భర్త దేవరాజులన్న చంద్రగిరిలో మైకుసెట్టు నడిపేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్లు. ప్రతి శుక్రవారం అక్క ఆ పెట్టెలో అమ్మవారి పాటల రికార్డు వేసి, దాంతోపాటు గొంతు కలిపి పాడుతుంది. తిరుచానూరు అమ్మవారి ఉత్సవాల్లో పంచమి తీర్థం రోజున వీధిలో పాడే భజన బృందానికి ముప్పై ఏళ్లుగా ముందు గొంతు ఆమెదే. పళ్లెం తిరుగుతోంది కానీ తీగ తెగి పాట వినపడటం లేదని పెట్టె నాకిస్తూ, "పంచమి లోపల ఇచ్చేయబ్బా గంగాధరా, అది లేకపోతే నాకు పాట రాదు," అని మరీ మరీ చెప్పింది.

పదిసార్లు మార్చి మార్చి వేశాను. ప్రతాప్ ఐదుసార్లు ఒప్పు చెప్పాడు, ఐదుసార్లు తప్పు. కళ్లు మూసుకుని బొమ్మో బొరుసో అన్నా అంతే వస్తుంది. అబ్బో, నా సంబరం చూడాలి! వాణ్ణి ఏడిపిస్తూ, కాఫీలు తెప్పించి, అక్క పెట్టె తిరుగుతూ ఉన్న సంగతే మరిచిపోయాను. మాడు వాసన వచ్చాక చూస్తే మోటారు కాలిపోయి ఉంది.

నిజం చెప్పాల్సింది అప్పుడే. కానీ నా బుర్రలో గెలుపు ఇంకా దిగలేదు. ఇన్ని చెవులు కనిపెట్టలేనిది ఆ ముసలామె కనిపెడుతుందా అనుకున్నాను. ఇంకో ప్లేయరులోంచి మోటారు తీసి ఆ పెట్టెలో బిగించాను. కాలిన మోటారును, పళ్లెం తిప్పే దాని ఇత్తడి పుల్లీతో సహా, అంగడి వెనక మా ఇంటి పెరట్లో తుక్కులో పడేశాను.

శుక్రవారం నేనే చంద్రగిరి తీసుకెళ్లి ఇచ్చాను. అక్క రికార్డు వేసి, చేతులు జోడించి పాట అందుకుంది. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి వెళ్లేచోట గొంతు చీలిపోయింది. నీళ్లు తాగి మళ్లీ పాడింది. మళ్లీ చీలింది. మూడోసారి ముల్లు తనే ఎత్తేసింది.

"అందలేదబ్బా. ఏందో ఇట్లయిపోయింది. మొన్నటిదాకా అందతా ఉణ్ణింది."

"జలుబేమోలే అక్కా," అన్నాను. నా నాలుక కోసెయ్యాలి.

"జలుబు కాదులే. వయసు. నా గొంతు పోయింది గంగాధరా." అని ఆ పూటే బృందంలో వాళ్లకు ఫోన్ చేసి, ఈసారి వేరేవాళ్లను ముందు నిలబెట్టుకోమంది. గొంతు వణక్కుండా చెప్పడానికి ఆమె పడిన అవస్థ నేను చూశాను.

బస్సులో వస్తుంటే గుర్తొచ్చింది. అసలు పుల్లీ విరిగినప్పుడు దేవరాజులన్న తన చేత్తో ఇత్తడి ముక్క సానబట్టి కొత్తది చేసుకున్నాడు. అది వెంట్రుకవాసి సన్నం. పుల్లీ సన్నమైతే పళ్లెం నెమ్మదిస్తుంది, పాట కిందికి దిగుతుంది. అంగడికి పరుగెత్తి చీటీ వెతికాను. పెట్టె వచ్చిన రోజు నా చేత్తో నేనే రాసుకున్నాను: నిమిషానికి ముప్పై రెండు చుట్లు. ఉండాల్సింది ముప్పై మూడు పైచిలుకు. దుప్పటి ముందు కూర్చున్న మేమంతా బరువు, స్పష్టత అంటూ వెతికాం కానీ, వేగం సంగతి ఒక్కడికీ తట్టలేదు. అక్క గొంతు మాత్రం ఆ ముప్పై రెండు దగ్గరే ఇన్నేళ్లూ నిలబడి ఉంది.

అప్పుడైనా చెప్పానా? లేదు. నూనె వెయ్యాలని సాకు చెప్పి మర్నాడే వెళ్లి, ఆమె వంటింట్లో ఉండగా ఆకురాయితో కొత్త పుల్లీని కొంచెం కొంచెం అరగదీశాను. గడియారం పెట్టుకుని లెక్కేశాను. సరిగ్గా ముప్పై రెండు. దొంగలా చేసి దొరలా బయటపడ్డాను.

నాలుగు రోజులకు ఫోన్. "గంగాధరా! వచ్చిందబ్బా, నా గొంతు మళ్లా వచ్చింది!" అని చిన్నపిల్లలా అరిచింది. పంచమి రోజు తనే ముందు నిలబడి పాడింది. జనంలో ఓ మూల నిలబడి విన్నాను. చరణం ఎక్కడా చీలలేదు. అమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను.

వారం తర్వాత అక్క మా అంగడికి వచ్చింది. మొదట గుర్తుపట్టలేదు. నున్నటి గుండు, దానిమీద గంధం. చేతిలో లడ్డు.

"గొంతు తిరిగొస్తే తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కుకున్నా. అలిపిరి నుంచి నడిచే పోయినా. మోకాళ్లు పట్టేసినాయి, పోనీలే. ఇందా, నోరు తెరు."

నోరు తెరిచాను. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లు! ఏడుపొచ్చేసింది.

"అక్కా, నీ గొంతు యాడికీ పోలా. నేనే మోటారు కాల్చినా. నీకు చెప్పకుండా వేరేది పెట్టినా. అది వడిగా తిరిగింది, అందుకే నీకు అందలా. మళ్లా నేనే దాని పుల్లీ అరగదీసినా." అంతా కక్కేశాను.

అక్క గుండు మీద చెయ్యి పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"వెంట్రుకలదేముందిలే, మొలస్తాయి," అంది. "ఆయన చేసిన పుల్లీ యాడుండాది? అది ఇచ్చెయ్," అని చెయ్యి చాపింది.

పెరట్లోకి పరుగెత్తాను. తుక్కు ఉన్నచోట నేల ఊడ్చి ముగ్గేసి ఉంది. వంటింట్లో ఉన్న నా భార్య రుక్మిణమ్మను అడిగాను.

"పాత ఇనుముకి ఎర్రగడ్డలిచ్చే బండి వచ్చింటే మొన్ననే ఏసేసినా. ఏం?"

"యాడ ఆ ఎర్రగడ్డలు?" అని అడిగాను, ఆ ఉల్లిపాయలైనా అక్క చేతిలో పెట్టాలన్నట్టు.

"ఇంకేడివి? నిన్న సాంబారులోకి అయిపోయినాయి కదా. నువ్వే రెండుసార్లు ఏయించుకుని తినింటివి."

బయట అంగట్లో అక్క ఇంకా చెయ్యి చాపుకునే నిలబడి ఉంది.