తమలపాకులో మాత్రలు

గుంటూరులో పిచ్చి డాక్టరని జనం పిలుచుకునే దుర్గాప్రసాద్ గారికి రెండు భక్తులు. ఒకటి ఆంజనేయస్వామి మీద, రెండోది పరిశోధన మీద. శుక్రవారం దాకా ప్యాంటు వేసుకుని రోగుల్ని చూసేవారు. శనివారం పట్టుపంచె కట్టి, ప్రత్తిపాడు పక్కనున్న మా ఊరి గుడికొచ్చి తీర్థం ఇచ్చేవారు. దేవుడికీ సైన్సుకీ వారాన్ని అలా పంచేశాక పెళ్ళానికి ఆదివారమైనా మిగిలిందో లేదో మాకు తెలియదు.

తొంభై ఏడులో పురుగు పత్తిని తినేశాక మా వీధి బుల్లయ్య భార్య కోటిరత్నం మాట మానేసింది. అన్నం పెడితే చూసేది, తినేది కాదు. అత్త పున్నమ్మ, ఉగాది లోపు మాట్లాడకపోతే పుట్టింటికి పంపేస్తానని తేల్చేసింది. పిచ్చి మాత్రలు మాత్రం గడప దాటి రానివ్వనంది.

డాక్టరు గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వారానికి సరిపడా మాత్రలు రేకులోంచి తీసి, స్వామి పాదాల దగ్గర పెట్టి, తమలపాకులో చుట్టి పున్నమ్మకిచ్చారు. స్వామి ప్రసాదం, కోడలికి రోజుకొకటి పెట్టమన్నారు. భక్తి తోడైతే మందు ఎంత త్వరగా పనిచేస్తుందో నోటుబుక్కులో రాసుకోసాగారు. అది విదేశాల్లో అచ్చవుతుందని పూజారితో అన్నారట.

ఆరు వారాలైనా కోటిరత్నం ఉలకలేదు. మా వీధి మాత్రం మారిపోయింది. గట్టు తగాదాతో పదకొండేళ్ళు కోర్టుకు తిరిగిన అన్నదమ్ములు ఆ గట్టు మీదే ఒకరినొకరు ఆనుకుని కునుకు తీశారు. మిర్చి కళ్ళంలో కూలీలు తొందరపడకుండా, వంతులవారీగా తుమ్మారు. చలమయ్య కుక్క దొంగను చూసి ఆవలించింది. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. కుక్క సంగతికి చలమయ్యదే పూచీ.

ఏడో శనివారం కోడల్ని వెంటబెట్టుకుని గుడికొచ్చిన పున్నమ్మను, ప్రసాదం ఎలా పెడుతున్నావని డాక్టరు గారు ఆరా తీశారు. రోట్లో నూరి, బెల్లం కలిపి, వీధంతా పంచుతోందట.

"ప్రసాదం ఒక్కదానికే ఎట్టా పెడతామయ్యా? కళ్ళు పోవూ?"

ప్రసాదమంటే పంచేస్తుంది. మందంటే పారేస్తుంది. ఉగాది పది రోజుల్లో ఉంది. ఆయన నోటుబుక్కు వంక చూశారు, స్వామి వంక చూశారు. ఇద్దరూ ఆదుకోలేదు.

"అది ప్రసాదం కాదమ్మా, మందు. మీ కోడలి కోసమే తెచ్చాను. అబద్ధమాడింది నేను," అన్నారు.

ఇన్నాళ్ళూ తాము తిన్నది పిచ్చి మందని అక్కడున్న వీధివాళ్ళకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. మత్తు ఇంకా దిగలేదు మరి. పున్నమ్మ చేతిలో ఉన్న ఆ వారం తమలపాకు పొట్లం విసిరేయబోయింది.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న కోటిరత్నం చెయ్యి చాచింది.

"మందైతే నాకియ్యత్తా. ప్రసాదమైతే నా దాకా చిటికెడే వస్తంది."

డాక్టరు గారు నోటుబుక్కు తెరిచారు. భక్తికి ఒక గడి, మందుకొక గడి గీసుకున్నారు గానీ, వాటా దక్కలేదన్న కోపానికి గడి గీసుకోలేదు. మూసేశారు.

పున్నమ్మ గొణుక్కుంటూ మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.