ఆరో బోర్డు నుంచి ఎనిమిదో బోర్డు దాకా

అతని భార్యను చంపింది పరుగు పందెం. జబ్బు కాదు, వయసు కాదు, డాక్టరు కాదు. పోయిన ఏడాది ఇదే నెలలో, ఇదే రెండో ఆదివారం, వేలమంది రోడ్డు మీద పడి పరిగెత్తుతున్నారని ఆసుపత్రికి పోయే దారి మూసేశారు. ఆమెను టాక్సీలో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆమె పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఈరోజు అదే పందెంలో పరిగెత్తడానికి అతను మంచం అంచున కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు.

బూట్ల ముడి రాక బస్తా మూతికి వేసే ముడి వేశాడు. లాగి చూశాడు. అది ఊడదు. యాభై ఎనిమిదేళ్ళకు కాలికి తొడిగిన మొదటి బూట్లవి. మడమలు పగిలి, వేళ్ళు దేనికదే విడిపోయి, ఇన్నేళ్ళూ టైరు చెప్పుల్లో బతికిన పాదాలు వాటిలో ఇమడలేదు. చిటికెన వేలి దగ్గర బూటును కత్తితో కోసి దారి చేశాడు.

గదిలో రెండు మేకులు. ఒకదానికి పని చొక్కా, దాని మీద భుజం మెత్త. బస్తా కింద భుజం ఒరుసుకుపోకుండా వేసుకునేది. గోనెగుడ్డలో దూది కుక్కి ఆమె కుట్టింది. ఏడాదికోసారి కుట్లు విప్పి, పాత దూది పారేసి, కొత్తది పెట్టేది. ఈ ఏడాది విప్పేవాళ్ళు లేక చెమటకు గడ్డకట్టి చెక్కముక్కలా తయారైంది. రెండో మేకు ఖాళీ. అక్కడ ఆమె నీలం శాలువా ఉండేది. ఆమె పోయిన వారానికి ఆమె తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. వాడు అడగలేదు, ఇతను ఆపలేదు.

నంబరు కాగితాన్ని నాలుగు పిన్నులతో చొక్కాకు గుచ్చుకుని, తలుపు దగ్గరికి లాగి బయటికి నడిచాడు.

మార్కెట్ యార్డులో అతను ముప్పై ఆరేళ్ళుగా హమాలీ. లారీ మీంచి గోదాములోకి, గోదాములోంచి లారీ మీదికి. ఉల్లిపాయలు, సిమెంటు, పంచదార. అసలు పేరు యార్డులో ఎవరికీ గుర్తులేదు, అందరూ కాటా అంటారు. బస్తా భుజం మీద పడగానే దాని బరువు కిలో తేడా లేకుండా చెప్పగలడు. ఒకసారి ఓ వ్యాపారి తన బస్తా యాభై కిలోలని కొనేవాడికి చెబుతుంటే, మోస్తున్న కాటా ఆగి, నలభై ఏడున్నర అని అందరి ముందూ అన్నాడు. పది రోజులు పని పోయింది. మళ్ళీ పిలిచినప్పుడు వెళ్ళి, మళ్ళీ ఉన్నదే చెప్పాడు. తూకం దగ్గర అతనికి మొహమాటం లేదు. ఇంకెక్కడా కూడా లేదు.

భార్య ఒక్కతే దాన్ని ఎగతాళి చేసేది. "ఊళ్ళో బస్తాలన్నీ తూచావు. నన్నొకసారి ఎత్తి చూడు, ఎంతున్నానో చెప్పు" అనేది. పొద్దంతా మోసి వచ్చినవాడికి ఇంట్లోనూ మోతేనా అని అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ ఎత్తలేదు.

ఉల్లిపాయల దుకాణం యజమాని ప్రచారం కోసం దుకాణం పేరు రాసిన పసుపు చొక్కాలు కుట్టించి, హమాలీల్లో ఎవరైనా పందెంలో పరిగెత్తుతారా అని అడిగినప్పుడు అందరూ నవ్వారు. కాటా చెయ్యెత్తాడు. నవ్వు ఆగిపోయింది. మూడు నెలలపాటు లారీలు రాకముందే యార్డు చుట్టూ తిరిగాడు. మొదటి రోజు ఒక్క చుట్టుకే డొక్కలో పోటు వచ్చి ఉల్లి పొట్టు కుప్ప పక్కన కూలబడ్డాడు. "ఎవరు తరుముతున్నారు మామా నిన్ను? వెనక ఎవరూ లేరు, చూసుకో" అన్నాడు టీ బంకువాడు. కాటాకు రెండో సంబంధం కుదిరిందనీ, పెళ్ళికూతురు పొట్ట తగ్గించుకుని రమ్మందనీ తోటి హమాలీలు కథ అల్లారు. పొట్ట ఎక్కడుందిరా అని వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకున్నారు. అతను ఎవరికీ జవాబు చెప్పలేదు.

జవాబు చెప్పాల్సింది ఒక్కడికే. బావమరిదికి.

బావమరిది టైలరు. సూదిలాంటి మనిషి, మాట కూడా అలాంటిదే. అక్క పోయిన రోజు ఆసుపత్రి గేటు దగ్గర పదిమందిలో నిలబడి అడిగాడు: "ఊరందరి బరువూ మోసిన భుజం కదా బావా. మా అక్క దగ్గరికొచ్చేసరికి ఏమైంది? ఆ రెండు కిలోమీటర్లు ఎత్తుకుని రాలేకపోయావా?"

"మీ అక్కకు స్పృహ లేదురా" అన్నాడు అతను. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఎత్తుకుని రావడం కుదిరే పని కాదు. ఆ జనంలో, ఆ కంచెల మధ్య, మోత మోసేవాడికి అడుగు పడదు. ఏడాదంతా అతను ఈ మాట తనకు తాను చెప్పుకున్నాడు. ఇక తూచి చూపించాలనుకున్నాడు. మామూలు రోజున నడిచి చూస్తే సరిపోదు. అదే పందెం, అదే జనం, అదే మూసిన దారి కావాలి. గడియారం తనది కాకూడదు. పందెం దారిలో కిలోమీటరుకొక బోర్డు, దాని మీద ఎర్ర అంకెల గడియారం పెడతారు. ఆరో బోర్డు సరిగ్గా టాక్సీని ఆపిన కూడలి దగ్గర. ఎనిమిదో బోర్డు ఆసుపత్రి గేటు ఎదుట. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి కళ్ళారా చూసుకొమ్మని టీ బంకువాడి చేత టైలరుకు కబురు పంపాడు. వస్తానని గానీ రానని గానీ తిరుగు కబురు రాలేదు.

బయలుదేరే చోట పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. పక్కన నిలబడ్డ టీచరమ్మ, చొక్కా మీద బడి పేరున్న ఆవిడ, అతని బూటుకున్న కోత చూసి, "మొదటిసారా అంకుల్? మొదట్లోనే స్పీడుగా పోకండి, అందరూ చేసే తప్పు అదే" అంది. అతను తలూపాడు. ఈల మోగగానే ఆ తప్పే చేశాడు. లారీ కదిలిపోతుంటే వెనక పడ్డవాడిలా ఉరికాడు. మొదటి కిలోమీటరు దాటేలోగా గొంతు ఎండి, ఊపిరి ఇరుక్కుని, పక్కటెముకల కింద కత్తి దిగింది. ఇందాక వెనకున్న వాళ్ళంతా ఒక్కొక్కరే దాటిపోయారు. ముసలివాళ్ళు దాటారు. లావుపాటివాళ్ళు దాటారు. టీచరమ్మ దాటుతూ చెయ్యి ఊపింది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది భుజం. దాని మీద ఏమీ లేదు. ముప్పై ఆరేళ్ళు కుడివైపు బరువు మోసిన ఒళ్ళు దానికి సరితూగడానికి ఎడమకు వంగిపోయింది. ఇప్పుడు బరువు లేకుండా పరిగెత్తుతుంటే నిలకడ దొరకక ఎడమకే ఒరిగిపోతున్నాడు. తలెత్తి చూడడం అలవాటు లేదు. బస్తా కింద ఉన్నవాడికి కనిపించేది నేల ఒక్కటే. అలాగే ముందువాళ్ళ మడమలు చూసుకుంటూ పోయాడు. నాలుగో కిలోమీటరు దగ్గర బొటనవేలి పక్క బొబ్బ చితికింది. నీళ్ళ బల్ల దగ్గర జనం రెండు గుక్కలు తాగి కప్పులు రోడ్డు మీదే విసిరేస్తున్నారు. అతను అడుగుదాకా తాగి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చాలా దూరం చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. కంచె అవతల జనం చప్పట్లు కొట్టారు. "కానీ తాతా, కానీ" అన్నారు. ఆ రోజూ ఇలాగే కొట్టారు. టాక్సీ అద్దంలోంచి అతను చూశాడు.

ఆరో బోర్డు వచ్చింది. గడియారంలో యాభై రెండు నిమిషాలు.

కూడలి అలాగే ఉంది. ఎర్ర తెల్ల చారల కంచె, ఈల వేసేవాడు, అవతల ఆగిపోయిన కార్లు. ఇక్కడినుంచి నడిస్తే చాలు. కాళ్ళీడుస్తూ, నీళ్ళు తాగుతూ, బొబ్బ చూసుకుంటూ పోతే నలభై నిమిషాలు కావడం ఎంతసేపు. ఎవరూ అడగరు. కానీ తప్పుడు తూకం అతని వల్ల కాలేదు. పళ్ళు బిగించి పరిగెత్తాడు.

అప్పుడు చూశాడు దాన్ని. కంచె పక్కన, రోడ్డు అంచు వెంబడి, ఒక బారెడు వెడల్పున ఖాళీ. పరిగెత్తేవాళ్ళంతా మధ్యలోనే పోతున్నారు. ఆ అంచున ఎవరూ లేరు. కూడలి దగ్గర మొదలై అది ఎక్కడా తెగలేదు. అంతకంటే ఇరుకు సందుల్లో అతను రోజుకు రెండు వందల సార్లు బస్తాలతో తిరుగుతాడు.

ఆ అంచు వెంబడే పరిగెత్తాడు. ఏడాదిగా గొంతులో తొక్కిపెట్టిన సంగతి దానంతటదే పైకి వచ్చింది.

ఆమెకు స్పృహ ఉంది. ఛాతీ పట్టుకుని, తల అతని భుజానికి ఆనించి, కంచె వైపు చూస్తూ ఉంది. టాక్సీ ఆగగానే నెమ్మదిగా అడిగింది: "ఇక్కడే కదా. ఇప్పుడన్నా ఎత్తుకోవూ?" చిన్నగా నవ్వింది కూడా. అతను ఆ రోజు ఆసుపత్రికని తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. కంచె అవతల జనం బారులు తీరి ఉన్నారు. వాళ్ళందరి ఎదుట పెళ్ళాన్ని బస్తాలా భుజాన వేసుకుని పోవాలి. "ఊరుకో, అందరూ చూస్తున్నారు. ఐదు నిమిషాలంట" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఎనిమిదో బోర్డు. డెబ్భై నిమిషాలు.

అతను ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, లెక్క వేశాడు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మోతతో పోతే ఒకటిన్నర రెట్లు, అది యార్డులో ఎవరికైనా తెలిసిన సంగతే. ఇరవై ఏడు. ఆయాసానికి రెండుచోట్ల దించితే చోటుకొక నిమిషం. ఇరవై తొమ్మిది. బరువు ఎంతో అతనికి తెలుసు. ఆమె పోయాక, బండిలోకి చేర్చడానికి మనిషి తక్కువైతే అతనే ఎత్తాడు. భుజం అడక్కుండానే చెప్పేసింది. ముప్పై తొమ్మిది. ఉల్లిపాయల బస్తా కంటే తక్కువ. టాక్సీ వచ్చింది నలభై నిమిషాల ఆగుడుతో, ఐదు నిమిషాల దారితో. నలభై ఐదు. అందులోంచి ఇరవై తొమ్మిది తీస్తే పదహారు. ఒక్క పావుగంట ముందు తెచ్చి ఉంటే దక్కేది అన్నాడు ఆ రోజు డాక్టరు.

అప్పటికీ ఒక నిమిషం మిగిలింది.

గేటు పక్క పొట్టి గోడ మీద టైలరు కూర్చుని ఉన్నాడు. మెడలో కొలతల టేపు, ఒళ్ళో కాగితం పొట్లం. లేచి వచ్చి నీళ్ళ సీసా చేతిలో పెట్టాడు.

"కూర్చో బావా. ఒగరుస్తున్నావు."

అతను కూర్చోలేదు. టైలరు నేల చూస్తూ చెప్పుకుపోయాడు. తను గడియారం చూడడానికి రాలేదన్నాడు. అసలు కబురు రాకముందే వద్దామనుకున్నాడట. ఆ రోజన్న మాట ఏడాదిగా తనను తిననివ్వలేదు, మిషను తొక్కనివ్వలేదు అన్నాడు.

"స్పృహ లేని మనిషిని ఆ జనంలోంచి ఎవడు మోసుకురాగలడు? కడుపుమంట కొద్దీ అనేశాను. నోట మాట వచ్చే స్థితిలో ఉంటే అక్కే అడిగేది కదా, ఎత్తుకోమని. తనకెప్పుడూ అదే గోల."

అతని చేతిలో సీసా ఒరిగి నీళ్ళు బూట్ల మీద పడ్డాయి. చూసుకోలేదు.

టైలరు పొట్లం విప్పాడు. భుజం మెత్త. నీలం శాలువా గుడ్డతో కుట్టింది. "అక్క శాలువానే. దానికోసమే పట్టుకుపోయాను. కుట్టాలని కూర్చోవడం, కోపమొచ్చి పక్కన పడేయడం. మొన్నటికి పూర్తయింది. వేసుకో బావా, ఇంకో పదేళ్ళు మన్నుతుంది."

అతను చెయ్యి చాపలేదు. టైలరు, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, అడిగాడు: "ఇంతకీ ఎంత పట్టింది?"

"అది అడగొద్దు" అన్నాడు అతను. గొంతు లేవలేదు, తగ్గలేదు. "ఈరోజే కాదు, ఇంకెప్పుడూ అడగొద్దు. ఆ రోజు గురించి ఇక నా నోట ఒక్క ముక్క రాదు. ఎవరితోనూ. నువ్వు కూడా ఇక నా దగ్గరికి రావద్దు."

టైలరు అతని ముఖంలోకి చూశాడు. తన తప్పును బావ ఇంకా క్షమించలేదనే అనుకున్నాడు. అలా అనుకోకుండా ఆపడానికి ఒక్క మాట చాలు. అతను ఆ మాట అనలేదు. టైలరు మెత్తను గోడ మీద పెట్టి, మెడలో టేపు సర్దుకుని, జనంలో కలిసి వెళ్ళిపోయాడు. ఊళ్ళో మరెక్కడా ఆమె రక్తం పంచుకున్నవాళ్ళు లేరు.

"ఇంకా రెండే కిలోమీటర్లు పెద్దాయనా, దగ్గర పడింది" అని రోడ్డు మీంచి ఎవరో అరిచారు. అతను ఆ వైపు పోలేదు. నాలుగు పిన్నులూ విప్పి, నంబరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే, కంచె పక్క ఖాళీ వెంబడి వెనక్కి నడిచాడు. పదింటికి సిమెంటు లారీ ఉంది. కుంటుతూ, ఎడమకు ఒరిగి, నేల చూసుకుంటూ పోయాడు.

గోడ మీద మెత్త అలాగే ఉంది. నీలం గుడ్డ, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా చేతికుట్లు, కుడి భుజం కొలతకు తీసిన వంపు. దూది ఇంకా పొంగుగానే ఉంది, దాని మీద ఏ బరువూ పడలేదు.