టైలరమ్మ బల్ల

పొద్దున్నే షాపు షట్టరు ఎత్తడం టైలరమ్మ పని, బయట బల్ల తుడవడం కూతురి పని. బట్టలు కుట్టించుకునేవాళ్లు కూర్చోడానికి వేసిన బల్ల అది. ఈమధ్య దానిమీద బట్టల ఊసెత్తేవాళ్లే తక్కువ. పింఛను ఆగిపోయిన తాత, ఆసుపత్రిలో ఎవరిని అడగాలో తెలియని కొత్త కోడలు, అందరూ వచ్చి అమ్మాయి పక్కన చేరేవారు. సలహా చెప్పేముందు ఆ పిల్ల, "అసలు మీకేం కావాలి?" అని అడిగేది. వాళ్లు మనసులో మాట బయటపెట్టగానే బల్ల ఇంకో మనిషికి సరిపడా పొడుగు సాగేది.

అలా సాగి సాగి బల్ల వీధి మలుపు కూడా తిరిగింది. పక్కషాపు మంగలి తన కుర్చీని కాస్త లోపలికి జరుపుకున్నాడు. "మీ బల్లకి నా గుమ్మమే దొరికిందా?" అని సణుగుతూనే, బేరం లేనప్పుడు పేపరు పట్టుకెళ్లి దాని చివర కూర్చునేవాడు.

అమ్మాయి సోషల్ వర్క్ డిగ్రీ చదువుతానంది. టైలరమ్మ సరేనంది గానీ, అద్దాల మేడలో ఉన్న పెద్ద కాలేజీలోనే చేరాలని పట్టుబట్టింది. ఆ ఫీజు కట్టాలంటే కుట్టుమిషను అమ్ముకోవాలి.

"సాయంత్రం కాలేజీలోనూ అదే డిగ్రీ అమ్మా. గుర్తింపు ఉంది, ఫీజు మనం తట్టుకోగలం. పగలు జనంలోకి పంపి పని నేర్పిస్తారు. మనలాంటి ఇళ్లవాళ్లు అక్కడ చదివి ఉద్యోగాలు చేస్తున్నారు. వెళ్లి మాట్లాడొచ్చాను."

"గోడౌను మీద నడిచే కాలేజీ. పేరు చెబితే ఎవరైనా లెక్కచేస్తారా?"

మర్నాడు మిషను కొనేవాడు రానే వచ్చాడు. చూసి, బేరం కుదుర్చుకుని, ఆటో తెస్తానని వెళ్లాడు. చేతులకు పనిలేక టైలరమ్మ బయటికొచ్చి బల్లమీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆవిడ దానిమీద కూర్చోవడం అదే మొదలు.

"అసలు నీకేం కావాలమ్మా?" అంది కూతురు, అలవాటు కొద్దీ.

"నిన్నెవరూ చిన్నచూపు చూడకూడదు." టైలరమ్మ షాపులోకి తిరిగి చూసింది. "మిషనూ ఉండాలి. అది పోతే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో తెలీదు. భయంగా ఉందే."

భయమన్న మాట ఆవిడ కూతురి దగ్గర ఎప్పుడూ అనలేదు. అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుంది.

బల్ల కిర్రుమంది. చివరెక్కడో పేపరు చదువుకుంటున్న మంగలి మలుపు తిరిగి వచ్చాడు. "బల్ల వెళ్లి సాయంత్రం కాలేజీ మెట్లకి ఆనుకుంది. ఇక కదిలేలా లేదు," అని చెప్పి, మళ్లీ తన చోటుకి వెళ్లిపోయాడు.

టైలరమ్మ కూడా వెళ్లి చూసొచ్చింది. బల్ల చివర పిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిణ్ని చూసి జరిగి చోటిచ్చారు.

ఆటో తెచ్చినవాడు గుమ్మంలోకి వచ్చేసరికి మిషను నడుస్తోంది. టైలరమ్మ తలెత్తకుండా పుస్తకాల సంచి కుడుతోంది.

"బల్లమీద కూర్చో నాయనా," అంది. "మిషను ఖాళీగా లేదు."