వదిన కుక్కర్‌కి బిగించిన బోల్టు

చలి ముదిరితే నా కుక్కర్ రిపేరు కొట్టుకి గిరాకీ. గింజలూ దుంపలూ ఎముకలూ అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పడేసి, వేడివేడిగా తాగి ముసుగుతన్ని పడుకోవాలనుకుంటారు జనం. అంచు దాకా కుక్కుతారు. నురగ పొంగి ఆవిరి గొట్టంలోకి చేరుతుంది, తొక్కలు అడ్డం పడతాయి, సేఫ్టీ వాల్వు ఎగిరిపోతుంది. అప్పుడు గుర్తొస్తాను నేను. మిగతా ఏడాదంతా నేను బతికున్నానో చచ్చానో ఎవడికీ పట్టదు.

వదిన తన కుక్కర్ తెచ్చి నా బల్ల మీద ఠపీమని పెట్టింది.

"ఏం చేతి చలవ మరిదీ నీది! పోయినసారి నువ్వు వేసిన వాల్వు కూడా ఢామ్మంది. వంటగది గోడలన్నీ గింజలే."

"అంచు దాకా నింపొద్దని చెప్పానా లేదా?"

"సగం నింపితే మీ అన్న ఒక్కడికే చాలదు. ఈసారి పోకుండా బిగించు. నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంకో కొట్టు చూసుకుంటా."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. చదువు అబ్బలేదని చిన్నప్పట్నుంచీ మాటలు పడుతూనే ఉన్నాను, చేసే పనికి కూడా పడాలా? గొట్టంలో తీగ పెట్టి తోమాలి, కొత్త వాల్వు వెయ్యాలి. రెండూ చెయ్యలేదు. వాల్వు ఉండాల్సిన చోట మామూలు ఇనప బోల్టు పెట్టి, కింద వాషరేసి, కసి కొద్దీ బిగించాను. ఇక జన్మలో ఊడదు.

ఆదివారం అన్న ఫోన్ చేసి భోజనానికి రమ్మన్నాడు. వెళ్లేసరికి చలికి అందరూ వంటగదిలోనే చేరారు. అన్న స్టవ్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. అతని కూతురు గట్టుకి ఆనుకుని నిలబడింది.

"ఇన్నాళ్లకి పని నేర్చుకున్నావు మరిదీ. చుక్క ఆవిరి కూడా బయటికి రావట్లేదు" అంది వదిన.

నేను స్టవ్ దగ్గరికి జరిగాను. "విజిళ్లెన్ని వచ్చాయి?"

"ఒక్కటీ రాలేదురా. పెట్టి చాలాసేపైంది. దానికీ నీలాగే బద్ధకం" అని నవ్వాడు అన్న.

వెయిటు కదలడం లేదు. మూత అంచున రబ్బరు ఉబ్బి బయటికి తొంగిచూస్తోంది. చెబితే పరువు పోతుంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, తప్పు నా మీద పడకుండా ఏమనాలా అని కాసేపు ఆలోచించాను. ఈలోగా పిల్ల చేతులు కాచుకోవడానికి మూత దగ్గరికి చాపింది.

"బయటికి పొండి! అందరూ!"

పిల్ల రెక్క పట్టుకుని లాగాను. అన్నని స్టూలు మీంచి తోశాను. వంగి స్టవ్ ఆపి, వచ్చి తలుపు మూశాను.

అది చల్లారేదాకా అందర్నీ ముందుగదిలోనే కూర్చోబెట్టాను. తర్వాత నేనే వెళ్లి మూత తీశాను. గొట్టం నిండా గింజల తొక్కలు.

"బాబాయ్ రాకపోతే ఏమయ్యేది నాన్నా?" అంది పిల్ల.

"రేపు పేపర్లో పడేవాళ్లం" అన్నాడు అన్న.

వదిన పెద్ద ఎముక ఏరి నా గిన్నెలో వేసింది. "తిను మరిదీ. నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను."

ఆవిడ తిట్లన్నీ అరిగించుకున్నవాణ్ణి, ఆ ఒక్క మాట అరగలేదు.

"వదినా, వాల్వు తీసేసి బోల్టు పెట్టింది నేనే. నీ పోరు పడలేక. గొట్టం కూడా తోమలేదు."

అన్న చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. వదిన తిడుతుందని తల వంచుకున్నాను.

"ఇంకెవరెవరికి పెట్టావు?" అంది.

అది నాకు తట్టనే లేదు. ఒకసారి బోల్టు పెట్టాక చెయ్యి దానికే అలవాటు పడింది. వాల్వు నిలవట్లేదని సణిగిన ప్రతివాళ్లకీ ఆ వారమంతా అదే వైద్యం. కుట్టుపని ఆవిడకి, బస్సు డ్రైవరుకి, పిల్లలతో మేడ మీద ఉండే నర్సుకి. చలి రోజు, సెలవు రోజు, భోజనాల వేళ.

"ఫోన్ నంబర్లున్నాయా?"

"లేవు. ఇళ్లు తెలుసు."

"మరి కూర్చున్నావేం?" అని నా స్వెట్టర్ తెచ్చి మొహాన కొట్టింది.

అన్న అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. "డ్రైవరు ఇల్లు నాకు తెలుసు. అటు నేను పోతా, మిగతా రెండిళ్లకీ నువ్వు ఉరుకు."

కుట్టుపని ఆవిడ ఇంటి కిటికీ అద్దాలు ఆవిరికి మసకబారి ఉన్నాయి. రెండు చేతులతో తలుపు బాదాను.

"ఎవరదీ? తలుపు విరగ్గొడతావా ఏం?"

"కుక్కర్ రిపేరువాణ్ణమ్మా! ముందు స్టవ్ ఆపు. తర్వాత ఎంత తిట్టినా పడతా."