రెండూ కుడిచేతులే

ఆళ్లగడ్డలో దానమ్మ కోడలు సలోమికి కత్తెరంటే భయం. మిషను తొక్కమంటే పొద్దు గూకేదాకా తొక్కుతుంది. గుడ్డ కొయ్యమంటే చాలు, చేతులు చల్లబడతాయి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే ఏం చేస్తాం? అందుకే ఆ పిల్ల నేర్చుకున్నన్నాళ్లూ పాత పేపర్ల మీదే కోసింది. ఎన్ని పేపరు రవికలు బూడిదయ్యాయో ఆ ఇంటి పొయ్యికే తెలుసు.

ఎనభై మూడో ఏడు ఎండాకాలంలో నంద్యాలలో కుట్టు పరీక్ష పెట్టారు. పాసైతే బడిలో కుట్టు టీచరమ్మ కావచ్చు. దానమ్మే పూలపూల గుడ్డ తెచ్చి, తన కొలతలే ఇచ్చి, బస్సెక్కించింది.

అంతా బాగానే సాగింది, రవికకు చేతులు అతికించేదాకా. కుడిచెయ్యి చక్కగా కూర్చుంది. రెండోది ఎటు తిప్పినా చంక దగ్గర ఎదురు తిరుగుతోంది. అప్పుడు చూసుకుంది సలోమి. గుడ్డను మడత పెట్టకుండా విడివిడిగా కోసేసింది, రెండూ కుడిచేతులే వచ్చాయి. పేపరుకైతే లోపలా బయటా ఒకటే, పూల గుడ్డను తిరగేస్తే పూలు లోపలికి పోవూ? మిగిలిన గుడ్డ అరచేతి వెడల్పు లేదు. పక్కన ఆత్మకూరు పిల్ల రవిక మెడను తప్పుగా కోసి, అంతకుముందే లేచి వెళ్లిపోయింది. సలోమికీ లేవాలనే అనిపించింది. ఎందుకు లేవలేదో ఆమెకే తెలియదు. ఆ తప్పుడు చేతినే కుచ్చు పట్టి, లాగి, కూర్చోబెట్టి, హుక్కులు వేసి ఇచ్చింది. పరీక్ష పెట్టినామె నవ్వలేదు, తిట్టలేదు. ఫెయిలని చెప్పి రవిక చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి అత్త దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పుకుంది. దానమ్మ రవికను అటూ ఇటూ తిప్పి చూసింది.

"సగంలో లేసి రాలేదు కదా?"

"లేదత్తా."

"అయితే నా రైక నాకియ్యి."

ఆదివారం అదే తొడుక్కుని చర్చికి పోయింది. ప్రార్థనలో కుడిచెయ్యి పైకి లేస్తుంది, ఎడమది సగంలో ఆగిపోతుంది. ఏందక్కా అని పక్కన కూర్చున్న జీవమ్మ అడిగితే, "నా కోడలు కుట్టిందిలే. నాకు రెండూ కుడిచేతులే" అంది దానమ్మ, తల ఎగరేసి. వెనక కూర్చున్న సలోమికి ఏమీ పాలుపోలేదు. అత్త వెక్కిరిస్తోందా, మెచ్చుకుంటోందా? వారమంతా తలపోసినా తేలలేదు.

శనివారం దానమ్మ మళ్లీ ఒక పూల గుడ్డ తెచ్చి ముందర పడేసింది.

"మళ్లా చెడిపోతే ఎట్లత్తా?"

"తొడుక్కునేదాన్ని నేనుండా గదమ్మే. కొయ్యి."

ఆ మాటా సలోమికి సరిగా అర్థం కాలేదు. పేపరు కోసం వెతికితే, అత్త దాన్ని అప్పటికే పొయ్యిలో పెట్టేసింది. చేతులు చల్లగానే ఉన్నాయి. గుడ్డను మడత పెట్టి, ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని, కత్తెర వేసింది.